భీమిలి ప్రతిపాదన

గుమ్మడిపేట పింఛనుదారుల సంఘంలో తాసిల్దారుగా రిటైరైనవారున్నారు, ట్రెజరీలో రిటైరైనవారున్నారు, రోడ్లు భవనాల శాఖలో రిటైరైనవారున్నారు, ఆడిట్లో రిటైరైనవారు కూడా ఉన్నారు. అందరూ ఉద్యోగం నుంచి రిటైరైనవారే గాని, ఆఫీసు నుంచి రిటైరైనవారు ఒక్కరూ లేరు. ఈ సంఘం మూడు రోజుల పాటు విశాఖపట్నం చూడ్డానికి వచ్చి, బీచిరోడ్డులో ఒక లాడ్జీలో దిగింది.

ఆఫీసు వాసన పెద్దగా అంటనిది మాణిక్యాంబ గారికి ఒక్కరికే. ఆవిడ పెద్దాసుపత్రిలో స్టాఫు నర్సుగా చేశారు. ఎవరికైనా ఊపిరాడకపోతే ముందు ఆక్సిజను పెట్టి, సంతకాల సంగతి తర్వాత చూసుకునే అలవాటు. అందుకే సంఘంలో ఆవిడకి కొంచెం పద్ధతి తక్కువని పేరు. అయితే, పెద్దమనిషి ఎవరైనా కుర్చీలో కూచుని గొంతు సవరించుకుంటే చటుక్కున లేచి నిలబడే అలవాటు మాత్రం ఆవిడకీ పోలేదు. జీవితమంతా పెద్ద డాక్టర్ల రౌండ్లలో నిలబడిన కాళ్ళు, ఆవిడ చెబితే వింటాయా!

నిజానికి విశాఖపట్నంలో ఆవిడ కొత్తగా చూడాల్సింది ఏమీ లేదు. నర్సింగు ట్రైనింగు ఇక్కడే అయింది. ఆవిడ వచ్చింది నూకరత్నం కోసం. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఒకరి చీర ఒకరు కట్టుకుని, ఒకరి డ్యూటీ ఒకరు చేసి, ఒకరి ఏడుపు ఒకరు ఏడ్చిన రోజులవి. ట్రైనింగు అవగానే ఎవరి పోస్టింగు వాళ్ళది, ఎవరి సంసారం వాళ్ళది అయిపోయింది. మళ్ళీ ముఖాముఖి కలిసింది లేదు. నూకరత్నం ఇప్పుడు భీమిలిలో ఉంటోంది. ఈమధ్య ఇద్దరి ఫోన్లూ మోకాళ్ళ దగ్గర మొదలై మోకాళ్ళ దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ ప్రయాణంలో చూడకపోతే ఇంక నూకరత్నాన్ని ఈ జన్మలో చూడనని మాణిక్యాంబ గారికి గట్టిగా అనిపించింది. లాడ్జీ ముందు బస్సెక్కితే భీమిలి ఎంతో దూరం కాదు. పొద్దున వెళ్ళి, కడుపునిండా తిని, నోరునిండా మాట్లాడి, సాయంత్రానికి వచ్చేయొచ్చు.

ఆవిడ చేసిన తప్పు ఒకటే. అడిగారు.

మొదటి రోజు పొద్దున్న టిఫిన్ల దగ్గర, సంఘం అధ్యక్షులు భూషయ్య గారు పెసరట్టు తుంచుతుండగా, "అధ్యక్షులుగారూ, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, ఒకపూట భీమిలి కూడా వెళ్ళొద్దామా అండీ?" అన్నారు.

భూషయ్య గారు తాసిల్దారుగా చేసి దిగినవారు. తుంచిన పెసరట్టు ముక్కని మళ్ళీ ప్లేటులో పెట్టేశారు. "ఇది ప్రతిపాదనా?" అని అడిగారు.

"కాదండీ, ఊరికే అడిగాను."

"ఊరికే అడగటం అనేది మన నిబంధనావళిలో లేదమ్మా. సభ్యులు ఏదైనా నోటితో అన్నారంటే అది ప్రతిపాదన. ప్రతిపాదన వచ్చిందంటే సభ పెట్టాలి." ఆయన పక్కకి తిరిగారు. "సెక్రటరీగారూ, కైలాసగిరి ప్రోగ్రాం ఆపండి."

సెక్రటరీ మస్తాన్ గారు సబ్ ట్రెజరీలో చేసినవారు. ఏదైనా ఆపమంటే ఆయనకి ప్రాణం లేచొచ్చేది. కైలాసగిరికి తయారై, టోపీలు పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డవాళ్ళందర్నీ వెనక్కి పిలిచేశారు.

లాడ్జీ భోజనాల హాలులో సభ మొదలైంది. హాలుకి ఒకవైపంతా కిటికీలే. కిటికీల నిండా సముద్రమే. అలల చప్పుడు సభా కార్యక్రమాలకి అంతరాయం కలిగిస్తోందని అధ్యక్షులవారు కిటికీలన్నీ మూయించారు. తర్వాత ఉక్కపోస్తోందని ఫ్యాన్లు వేయించారు. ఫ్యాన్లు అలలకన్నా పెద్ద చప్పుడు చేశాయి గాని, అది ఆఫీసు చప్పుడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

మొట్టమొదట లేచినవారు రోడ్లు భవనాల శాఖ ఆంజనేయులు గారు. "అధ్యక్షా, మౌలికమైన సందేహం ఒకటుంది. భీమిలి విశాఖపట్నంలో అంతర్భాగమా, కాదా?"

"నగరంలో కలిపేశారని విన్నాం," అన్నారు మస్తాన్ గారు.

"కలిపేసి ఉంటే, మనం విశాఖపట్నంలో ఉన్నాం కాబట్టి, సాంకేతికంగా ఇప్పటికే భీమిలిలో ఉన్నట్టు. ఉన్నచోటికి మళ్ళీ వెళ్ళటం ఎలా సాధ్యం? ఒకవేళ కలపలేదనుకోండి. మనం తీర్మానించుకున్నది విశాఖపట్నం సందర్శన. వేరే ఊరు వెళితే తీర్మానాన్ని ఉల్లంఘించినట్టు. రెండు విధాలా చిక్కే."

ఇంత చక్కటి చిక్కు దొరికి చాలాకాలమైందన్న తృప్తి అందరి మొహాల్లోనూ కనిపించింది. రిటైరైన దగ్గర్నుంచీ వాళ్ళకి ఇంట్లో వచ్చే చిక్కులన్నీ పాల ప్యాకెట్లవీ కరెంటు బిల్లులవీను.

"నేనొక్కదాన్నే బస్సులో వెళ్ళొచ్చేస్తానండీ. మీకెవరికీ శ్రమ ఉండదు," అన్నారు మాణిక్యాంబ గారు.

భూషయ్య గారు గొంతు సవరించుకున్నారు. ఆవిడ చటుక్కున లేచి నిలబడ్డారు.

"అమ్మా, మీరిప్పుడు మామూలు సభ్యురాలు కాదు. ప్రతిపాదకురాలు. ప్రతిపాదన పరిశీలనలో ఉండగా ప్రతిపాదకురాలే ఆ పని చేసేస్తే, ఇంక పరిశీలన దేనికి? పైగా సభ్యులకి సందేహాలు వస్తే సమాధానం చెప్పేదెవరు? విషయం తేలేవరకూ మీరు హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళరాదు."

"హెడ్‌క్వార్టర్సంటే?"

"ఈ లాడ్జీ."

చివరికి, వెళ్ళాలో వద్దో తేల్చడానికి ముందు అసలు వెళ్ళదగ్గ చోటో కాదో తెలియాలని, అది కూచున్నచోట తెలియదని, కాబట్టి ముగ్గురు సభ్యుల పరిశీలక బృందం తక్షణం భీమిలి వెళ్ళి సాధ్యాసాధ్యాలు చూసి రావాలని తీర్మానమైంది. బృందంలో అధ్యక్షులు, సెక్రటరీ, ఆంజనేయులు గారు. ప్రతిపాదించినవాళ్ళే పరిశీలిస్తే నలుగురూ నవ్వుతారు కాబట్టి మాణిక్యాంబ గారు లేరు.

బృందం కారెక్కుతుంటే ఆవిడ గబగబా వెళ్ళి నూకరత్నం ఇల్లెక్కడో చెప్పారు. ఇవాళ వస్తానని చెప్పాను, పాపం, అది నా కోసం వండి పెట్టుకుని కూచుంటుంది, ఫోను చేస్తే ఎత్తటం లేదు, కాస్త ఆలస్యమౌతుందని చెప్పండి అన్నారు. "వార్త అందజేయబడుతుంది," అన్నారు భూషయ్య గారు.

సాయంత్రం బృందం తిరిగొచ్చింది. మొహాలు ఎండకి కందిపోయి, చెప్పుల్లో, బూట్లలో ఇసుక. ఆంజనేయులు గారి జేబులోంచి గవ్వలు తొంగిచూస్తున్నాయి. నమూనాలు, అన్నారాయన. రాత్రి భోజనాలు వద్దన్నారు ముగ్గురూ.

మస్తాన్ గారు నివేదిక చదివారు. "భీమిలి అనబడే ప్రదేశం వాస్తవంగా ఉన్నది. అక్కడ సముద్రం కలదు. లైటుహౌసు కలదు. ఏరు వచ్చి సముద్రంలో కలుస్తున్నది. గాలి సంతృప్తికరం. అయితే సముద్రం ఈ లాడ్జీ ఎదుట కూడా ఉన్న కారణంగా, ఒకే సముద్రాన్ని రెండుచోట్ల చూడటం సమంజసమా అన్నది లోతుగా పరిశీలించవలసి ఉన్నది."

మాణిక్యాంబ గారి ఫోను మోగింది. ఆవిడ వరండాలోకి వెళ్ళి ఎత్తారు.

"ఏటే మాణిక్యం, ఎవరే వీళ్ళు?" అంది నూకరత్నం. "నువ్వొస్తావని పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి కోనెం చేప పులుసెట్టేను, రొయ్యలు వేపేను. కారు దిగి ముగ్గురు మగాళ్ళొచ్చేరు. వార్త అందజేస్తన్నాం అన్నారు. అందజేసీసి కూకున్నారు. అన్నం పెట్టకపోతే బావోదు కదాని పెట్టేను. మొత్తం తినీసేరే! తినీసి, పులుపు తగినంత అని రాసీసుకున్నారు!"

మాణిక్యాంబ గారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "రేపు ఎలాగైనా వస్తానే," అన్నారు.

"ఏటి ఎలాగైనా? బస్సెక్కీ, అంతే కదా!"

"అంతేననుకో. కానీ ఇక్కడ సభ జరుగుతోంది."

"ఎవరైనా పోయేరేటే?" అంది నూకరత్నం భయంగా.

మర్నాడు పొద్దున్న సభ ఆమోదించి పంపించేస్తుందని ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, భుజాన సంచీ వేసుకుని మరీ కూచున్నారు. కానీ ఆడిట్లో రిటైరైన ఇమ్మానుయేలు గారు లేచారు. మితభాషి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన నోరు తెరిస్తే ఎవరో ఒకరికి ఇంక్రిమెంటు ఆగేది.

"పరిశీలక బృందం పరిశీలనా స్థలంలో భోజనం చేసిందా, లేదా?"

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"చేసింది. రెండోసారి పులుసు వడ్డించుకున్నట్టు కూడా తెలిసింది. ఆతిథ్యం స్వీకరించినవారి నివేదిక చెల్లదు. స్వతంత్ర పరిశీలన జరగాలి. మొదటి బృందంలో లేని సభ్యులు మాత్రమే వెళ్ళాలి."

"మొదటి బృందంలో నేను లేనండీ," అన్నారు మాణిక్యాంబ గారు ఆశగా.

"మీరు ప్రతిపాదకురాలు," అన్నారు ఇమ్మానుయేలు గారు, ఎంతో సానుభూతితో.

మిగిలినవాళ్ళంతా మినీబస్సు మాట్లాడుకుని భీమిలి వెళ్ళిపోయారు. శాకాహారులు ప్రత్యేక ఉపసంఘంగా ఏర్పడి వెనక సీట్లలో కూచున్నారు. లాడ్జీలో ప్రతిపాదకురాలు, మొదటి బృందంవాళ్ళు ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురూ నిన్నటి పులుసు తల్చుకుని లాడ్జీ సాంబారు వైపు చూడలేకపోయారు. ఆంజనేయులు గారైతే, రొయ్యల వేపుడులో కొబ్బరి వేశారా లేదా అన్న అంశం నివేదికలో రావాల్సిందని పైకే అన్నారు.

మాణిక్యాంబ గారు కిటికీ ఒకటి కొంచెం తెరిచి, రోడ్డు మీద పోయే భీమిలి బస్సుల్ని చూస్తూ కూచున్నారు. ఒక బస్సు సరిగ్గా లాడ్జీ ముందే ఆగింది. కండక్టరు తల బయటపెట్టి "భీమిలి, భీమిలి!" అని ఆవిణ్ణి చూసే అరిచాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కండక్టరు మీద కాదు. తన కాళ్ళ మీద.

రెండో బృందం చీకటి పడే వేళకి పాటలు పాడుకుంటూ దిగింది. స్వతంత్ర పరిశీలన కాబట్టి నూకరత్నం ఇంటికి వెళ్ళి, మొదటి బృందం తిన్నది నిజంగా తినదగ్గదేనా అని విడిగా తిని చూశారట. శాకాహార ఉపసంఘానికి ములక్కాడ కూర దొరికిందట. ఇమ్మానుయేలు గారు మొదటి నివేదికతో ఏకీభవించారు, గాలి విషయంలో "మిక్కిలి" అన్న మాట చేర్చాలని మాత్రం సూచించారు.

మూడో రోజు రాత్రికే రైలు. పొద్దున్న ఆఖరి సభ. భూషయ్య గారు ప్రసన్నంగా ఉన్నారు.

"సభ్యులారా, భీమిలి వెళ్ళదగ్గ ప్రదేశమేనని ఇరు బృందాలూ ఏకగ్రీవంగా నిర్ధారించాయి. ప్రతిపాదకురాలికి అభినందనలు."

చప్పట్లు. మాణిక్యాంబ గారు సంచీ అందుకున్నారు.

"అయితే," అన్నారు అధ్యక్షులు. ఈ మాట అనేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ కొంచెం తియ్యగా అయ్యేది. "సంఘంలో దాదాపు అందరూ పరిశీలన నిమిత్తం భీమిలి వెళ్ళి వచ్చినందువల్ల, ఇప్పుడు విహార నిమిత్తం మళ్ళీ వెళ్ళవలసిన అవసరం సంఘానికి కనిపించటం లేదు. ఒక్క సభ్యురాలు మిగిలారు. ఒక్కరి కోసం సంఘం కదలటం ఆనవాయితీ కాదు. అలాగని ఒక్కరినే పంపితే, సంఘంతో వచ్చి విడిగా తిరిగినట్టు అవుతుంది. కాబట్టి ప్రతిపాదనని సూత్రప్రాయంగా ఆమోదిస్తూ, వచ్చే సంవత్సరం..."

హాలు తలుపు దడాలున తెరుచుకుంది. గుమ్మంలో ఒక పొడుగాటి ముసలావిడ. ఒక చేతిలో పెద్ద స్టీలు కేరేజి, రెండో చేతిలో కర్ర. బస్సులో వచ్చినట్టు జుట్టంతా రేగిపోయి ఉంది.

"మాణిక్యం ఎక్కడ?" అంది.

"మీరు ఏ హోదాలో వచ్చారు?" అన్నారు మస్తాన్ గారు, ఆవిడ చేతి పులుసు రెండుసార్లు వడ్డించుకు తిన్న మనిషి.

"ఆకలేసే హోదాలో. తప్పుకో."

మాణిక్యాంబ గారు లేచారు. ఎవరూ గొంతు సవరించుకోకుండానే లేచారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కాసేపు గుర్తుపట్టలేక తడబడ్డారు. తర్వాత నూకరత్నం, "ఇంత లావయిపోయేవేటే!" అంది, మాణిక్యాంబ గారు భోరుమన్నారు. ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. కేరేజి ఇద్దరి మధ్యా నలిగింది. ఎంత ఆఫీసు మనుషులైనా కొందరు కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. భూషయ్య గారు కూడా తుడుచుకుని, వెంటనే తేరుకున్నారు.

"ఇది మంచి పరిణామం. భీమిలి నుంచి మనిషే ఇక్కడికి వచ్చారు కాబట్టి, భీమిలి సందర్శన ఉద్దేశం నెరవేరినట్టు భావించి..."

"మూడ్రోజుల్నుంచి ఎందుకు రాలేదే నువ్వు?" అంది నూకరత్నం ఆయన మాట పట్టించుకోకుండా.

"పర్మిషన్ రాలేదే."

"ఎవరి పర్మిషను?"

మాణిక్యాంబ గారు హాలంతా చూశారు. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చారు. వీళ్ళలో ఎవరూ ఆవిడకి జీతమిచ్చినవాళ్ళు కాదు, సెలవిచ్చినవాళ్ళు కాదు, ఆవిడ పై అధికారులు అంతకన్నా కాదు. అందరూ తనలాగే మందుల డబ్బా పక్కన పెట్టుకుని తిరిగే ముసలివాళ్ళు. నూకరత్నం అడిగినదానికి చెప్పాల్సిన పేరు ఆవిడకి ఒక్కటీ తోచలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే పెద్ద నవ్వొచ్చింది.

"అధ్యక్షులుగారూ," అన్నారు ఆవిడ, "నా ప్రతిపాదన నేను వెనక్కి తీసుకుంటున్నాను."

"అలా ఎలా తీసుకుంటారు? పరిశీలన పూర్తయిన ప్రతిపాదనని..."

"తీసేసుకున్నానండీ. ఇంక నేను ప్రతిపాదకురాల్ని కాదు. వస్తా." చేతిసంచీ భుజాన వేసుకుని, కేరేజి పిడిని ఒక పక్క తను పట్టుకుని, నూకరత్నంతో కలిసి బయటికి నడిచారు. ఇద్దరు ముసలివాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి బస్సెక్కటం, తలుపు తెరిచి ఉండిపోయినందువల్ల, సభకంతటికీ స్పష్టంగా కనిపించింది.

ప్రతిపాదన లేకపోతే సభ లేదు. ప్రతిపాదన లేని సభని ముగించడానికి కూడా ఎవరో ఒకరు ప్రతిపాదించాలి. అందుకు ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. అలా ఎంతసేపు కూచునేవారో గాని, పక్కనుంచి ఎవరో, "కేరేజి కూడా వెళ్ళిపోయింది," అన్నారు దిగులుగా.

ఆ మాటతో భూషయ్య గారికి కళ్ళు తెరుచుకున్నాయి. బల్ల మీద గట్టిగా చరిచారు.

"సభ్యులారా! ఒక సభ్యురాలు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళారు. ఇది తీవ్రమైన విషయం. విచారణ జరగాలి."

"వెతకాలి," అన్నారు ఆంజనేయులు గారు ఉత్సాహంగా.

"విచారణకి ఎవరి ఆమోదమూ అవసరం లేదు," అన్నారు ఇమ్మానుయేలు గారు. "తక్షణం బయల్దేరొచ్చు. అందరూ వెళ్ళొచ్చు. మనిషి ఎటు వెళ్ళిందో తెలియనప్పుడు ఎంతమంది వెతికితే అంత మంచిది."

"భీమిలి వైపు వెళ్ళి ఉండవచ్చునని నా అంచనా," అన్నారు మస్తాన్ గారు, అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని.

విచారణ సంఘం భీమిలి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నూకరత్నం వాళ్ళని చూసి నెత్తి కొట్టుకుని, మళ్ళీ పొయ్యి వెలిగించింది. విచారణలో ఆతిథ్యం స్వీకరించటం గురించి ఇమ్మానుయేలు గారు ఏమీ అనలేదు, నోట్లో ముద్ద ఉండటం వల్ల కావచ్చు.

ఎండ తగ్గాక అందరూ సముద్రం దగ్గరికి వచ్చారు. మొదటి రోజు భూషయ్య గారు ఇక్కడే, ఇదే ఇసుకలో, పరిశీలనకి వచ్చిన అధికారి బూట్లు విప్పటం బావుండదని బిగుసుకుని నిలబడ్డారు. ఈవేళ బూట్లు ఎక్కడో ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. అల వచ్చి పాదాల కింద ఇసుక లాగేసినప్పుడల్లా చిన్నపిల్లాడిలా "ఓయ్!" అంటున్నారు. ఆయనకి రెండడుగుల దూరంలో మాణిక్యాంబ గారు, నూకరత్నం మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి, చేతులు పట్టుకుని నీళ్ళలో నిలబడి, ట్రైనింగునాటి మేట్రను నడకని నటించి చూపించుకుంటూ విరగబడి నవ్వుతున్నారు.

మస్తాన్ గారు ఒక చేతిలో పెన్ను, రెండో చేతిలో వేపిన రొయ్యల పొట్లం పట్టుకుని దగ్గరికి వచ్చారు. "సార్, విచారణ సంగతి. సభ్యురాలు దొరికినట్టు రాసేయమంటారా? రాసేస్తే విచారణ ముగిసినట్టే. వెంటనే బయల్దేరాలి."

భూషయ్య గారు సముద్రం వైపు చూశారు. రైలుకి ఇంకా టైముంది. మాణిక్యాంబ గారి వైపు చూశారు. ఆవిడ నవ్వు ఆపి, భయంగా ఆయన మొహంలోకి చూశారు.

"ఎక్కడున్నారావిడ?" అన్నారు భూషయ్య గారు.

"మీ పక్కనే ఉన్నారు కదండీ."

"నాకు కనిపించటం లేదే. మీకు కనిపిస్తున్నారా?"

మస్తాన్ గారు మాణిక్యాంబ గారిని చూశారు, చేతిలో పొట్లాన్ని చూశారు. "ఎండ ఎదురు కొడుతోంది సార్, సరిగ్గా ఆనటం లేదు," అన్నారు.

"అయితే ఇంకా వెతుకుతున్నామని రాయండి," అన్నారు భూషయ్య గారు, ప్యాంటు ఇంకో మడత పైకి లాక్కుని, వస్తున్న పెద్ద అలకి ఎదురు వెళుతూ.